ఎర్ర చుక్క కుడివైపు

మా వీధి పిల్లలు హెడ్‌ఫోన్స్ కొనాలంటే నన్నడిగి కొంటారు. ఆదోని బజారులో అంగడి ముందు నిలబడి ఫోన్ చేస్తారు. "సార్, ఈడ రెండు రకాలు చూపిస్తాండారు, ఏది తీసుకునేది?" అంటారు. నేను మంచంలోంచి లేచి కూర్చుని మరీ చెబుతాను.

గుండె అదిరేలా దబదబమంటే అది మంచి శబ్దమని అనుకోకండి. మీకు బాగా తెలిసిన మనిషి గొంతు పెట్టి వినండి. ఆ గొంతు ఆ మనిషిదిలాగే ఉంటే మంచిది. చెవి మీద నొక్కేవి వద్దు, చెవి చుట్టూ కూర్చునేవి తీసుకోండి. మన ఎండలకు తోలులాంటి మెత్తలు చెమటకు నాని పొట్టు రేగుతాయి, గుడ్డ మెత్తలు మేలు. పెట్టుకుని తల కిందికి వంచి చూడండి, జారకూడదు. మెత్తలు విడిగా దొరుకుతాయా, తీగ మార్చుకోవచ్చా అని అడగండి. చవకదానికి ఈ రెండూ ఉండవు, అందుకే చివరికి అదే ఖరీదైనదవుతుంది.

ఇదంతా లైబ్రరీలో కూర్చుని నేర్చుకున్నదే. ఇందులో ఒక్క మాట కూడా తప్పు కాదు. ఇవన్నీ పాటించి కొన్న హెడ్‌ఫోన్స్‌తోనే నేనొక అమ్మాయికి కాలేజీ సీటు లేకుండా చేశాను. అది మాత్రం ఫోన్‌లో అడిగిన పిల్లలకు చెప్పను. ఇవాళ చెబుతున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరి, బడులకో ఆఫీసులకో సామాను కొనే పని నెత్తిన పడుతున్న వాళ్లు చదవాలని నా కోరిక.

నేను పనిచేసింది ఎమ్మిగనూరు దగ్గర ఆడపిల్లల హాస్టల్ బడిలో. ఇల్లు ఆదోనిలో. పొద్దున బస్సెక్కి పోయి సాయంత్రం బస్సెక్కి వచ్చేవాణ్ని. ఇంటర్ తప్పి అటెండరుగా చేరాను. గంట కొట్టడం, కుర్చీలు సర్దడం నా పని. సాయంత్రం బస్సు దిగి నేరుగా ఇంటికి పోకుండా లైబ్రరీకి పోయే అలవాటు ఉండేది. అక్కడ కరెంటు గురించి, రేడియో గురించి, ఆ తర్వాత కంప్యూటర్ల గురించి దొరికిందల్లా చదివాను. అర్థం కానిది మళ్లీ చదివాను. బడికి కంప్యూటర్లు వచ్చి, వాటిని ముట్టుకోవడానికి అందరూ జంకుతున్నప్పుడు నేను మూత విప్పి దుమ్ము ఊదాను. అంతటితో ల్యాబ్ నా చేతికొచ్చింది. హోదా మారలేదు, జీతం మారలేదు. కానీ డిగ్రీలున్న టీచర్లు కూడా "అన్నా, ఇది పలకడం లేదు, ఒకసారి చూడు" అని పిలుస్తుంటే వేరే హోదా ఎందుకు?

రిటైర్మెంటుకు ఇంకా ఎంతో లేదనగా, ఇంగ్లీషు వినే పాఠాల కోసం హెడ్‌ఫోన్స్ కొనమని డబ్బు వచ్చింది. దానికొక కారణం ఉంది. కర్నూలులో ఒక సంస్థ హాస్టల్‌తో సహా ఇంటర్ కాలేజీ నడుపుతుంది. మా వైపు బడుల నుంచి పదో తరగతి అయిన ఆడపిల్లలను కొద్దిమందిని ఎంచుకుని ఉచితంగా చదివిస్తుంది. వాళ్ల పరీక్షలో రాత ఒక భాగం, ఇంగ్లీషు సంభాషణ విని జవాబు రాయడం ఇంకో భాగం. మా పిల్లలు రాతలో గట్టెక్కి, వినడంలో తేలిపోయేవారు. ఒక స్పీకరు పెట్టి గదంతా వినమంటే వెనక బెంచీకి గాలి మాత్రమే అందేది.

కొనే పని నాకు అప్పగించారు. నా జీవితంలో అంత ఇష్టంగా చేసిన పని ఇంకొకటి లేదు.

ఆదోనిలో నాకు తెలిసిన అంగడి భాయ్ ముందుగా ఒక చెవికే ఉండే రకం చూపించాడు. ఒకవైపు స్పీకరు, రెండోవైపు తలకు ఆనుకునే చిన్న మెత్త.

"స్కూలుకి ఇది చాలు సార్. ఒక చెవిలో పాఠం, రెండో చెవిలో టీచరమ్మ. తీగ కూడా గట్టిది. పిల్లలు గుంజినా ఏం కాదు."

"ఇది ఫోన్లు ఎత్తేవాళ్లు పెట్టుకునేది భాయ్. పాఠం స్టీరియోలో ఉంది. ఇందులో సగమే వినబడుతుంది."

"అరే సార్, ఇంగ్లీషు సగం వినబడితేనే మనకి ఎక్కువ. పూర్తిగా వింటే తలకాయ నొప్పి."

నేను నవ్వలేదు. స్టీరియో అంటే ఏమిటో అతనికి విడమరిచి చెప్పాను. పరీక్ష వాళ్లు ఇచ్చిన నమూనా సంభాషణ నా ఫోన్‌లో ఉంది. అందులో మగగొంతు ఎడమ చెవిలో అడుగుతుంది, ఆడగొంతు కుడి చెవిలో జవాబు చెబుతుంది. రైలు ఎన్నింటికి, ఏ ప్లాట్‌ఫారం, అలాంటివి. మంచి జత పెట్టుకుని విన్నప్పుడు ఆ ఇద్దరి మధ్య నేను స్టూలు వేసుకుని కూర్చున్నట్టుంది. భాయ్ తలకు కూడా పెట్టాను. "వారెవ్వా" అన్నాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మూడు రకాలు ఎంచి, ఒక్కోటి ఇంటికి తెచ్చుకుని చూస్తానని అడిగితే భాయ్ ఒప్పుకున్నాడు. వాటిని ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుని లైబ్రరీలో పేపరు చదువుతూ కూర్చున్నాను. తీగ జేబులో ఉంది, పాట లేదు, మాట లేదు. ఎంతసేపటికి చెవి నొస్తుందో చూడటమే నా పని. లైబ్రేరియన్ వచ్చి, "ఏమప్పా, ఏం యింటాండావు?" అని అడిగాడు. "ఏం లేదు సార్, మెత్తలు చూస్తాండా" అన్నాను. ఆయన నా వైపు కాసేపు చూసి, ఫ్యాను కొంచెం పెంచి పోయాడు. ఆ మూడింటిలో గెలిచినదాన్ని బడికి తీసుకుపోయి, రెండు జడలూ రిబ్బన్లూ చెవులకు కమ్మలూ ఉన్న ఒక పిల్ల తలకు పెట్టి చూశాను. పట్టీ జడల మీద ఎక్కడా చిక్కుకోలేదు, కమ్మ నొక్కలేదు.

"నొస్తాందా?" అని అడిగాను.

"ల్యా సార్, మెత్తగుంది" అంది.

నొస్తోందా అని అడగడం దగ్గరే ఆగిపోయాను. ఎలా వినబడుతోందని ఏ పిల్లనూ అడగలేదు. విని చూడటం నా చెవులతో అయిపోయింది కదా.

హెడ్‌ఫోన్స్ వచ్చాక ఇంకో చిక్కు కనబడింది. ఎడమా కుడీ అని చెప్పే అక్షరాలు పట్టీ లోపల చిన్నగా ఉన్నాయి. పిల్లలు చూసుకోకుండా ఎలాగంటే అలా తగిలించుకునేవారు. మా ఇంటావిడ దగ్గర గోళ్ల రంగు సీసా అడిగి తెచ్చి, ప్రతి దానికీ కుడి చెవి మీద కూర్చునే గిన్నె మీద ఎర్ర చుక్క పెట్టాను. "ఎర్ర చుక్క కుడివైపు" అని నల్లబల్ల మీద రాశాను. గది ఈ చివర నిలబడితే ఆ చివర ఎవరు తిరగేసి పెట్టుకున్నారో తెలిసిపోయేది. ఇంగ్లీషు మేడం చూసి, "మీ పని మిలిటరీలా ఉందన్నా" అంది. ఆ మాట రెండు రోజులు నాలో నేనే నెమరు వేసుకున్నాను.

ఇక ఆ అమ్మాయి. హొళగుంద వైపు పల్లె. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు. అమ్మానాన్నలు కూలి పనులు చేసేవాళ్లు. చలికాలం వస్తే మా వైపు చాలా కుటుంబాల్లాగే ఇంటికి తాళం వేసి, సుగ్గికని గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోతారు. ఆమె అక్కలిద్దరూ పదో తరగతితోనే చదువు ఆపి సుగ్గికి పోయారు. ఈమె బాగా చదివేది, తక్కువ మాట్లాడేది. పిలిస్తే ఒకసారి పలికేది, ఒకసారి పలికేది కాదు. పలకనప్పుడు టీచర్లు "కన్నడం పిల్ల కదా, అర్థం కాలేదేమో" అని సర్దుకునేవారు. నేనూ అదే అనుకున్నాను. అంతటితో ఊరుకోక, లైబ్రరీలో పుస్తకం చూసి నేర్చుకున్న కన్నడంలో "అర్థ ఆయ్తా?" అని అడిగేవాణ్ని. క్లాసంతా నవ్వేది. ఆమె కూడా నవ్వి తల ఊపేది.

ల్యాబ్‌లో ఆమెతో నాకొక పేచీ ఉండేది. ప్రతి సంభాషణా రెండుసార్లు వినిపిస్తారు. మొదటిసారి హెడ్‌ఫోన్స్ సరిగ్గా పెట్టుకునేది. రెండోసారి మొదలవగానే తీసి, తిరగేసి పెట్టుకునేది. ఎర్ర చుక్క ఎడమవైపు కనబడేది. "అమ్మా, చుక్క ఏ పక్క?" అంటే, గబుక్కున సరిచేసుకునేది. నేనటు తిరిగితే మళ్లీ మామూలే. తిరగలిని మా వైపు ఇసుర్రాయి అంటాం. ఒకరోజు నాకు విసుగొచ్చి, "ఏమ్మా ఇసుర్రాయీ, ఎన్నిసార్లు తిప్పుతావు? ఏం, పిండి రాలుతాందా?" అన్నాను. గది గొల్లుమంది. అప్పట్నుంచి ఆమె పేరు నా నోట ఇసుర్రాయే. పిల్లలు అనేవారు కాదు, నేనే అనేవాణ్ని. వాళ్లెందుకు అనలేదో తర్వాత తెలిసింది.

పదో తరగతి పరీక్షలు అయిపోయాక, ఎంపిక పరీక్ష రాసేవాళ్లను మాత్రం హాస్టల్‌లో ఉంచుకున్నాం. రాత పరీక్ష అయింది. ఇంగ్లీషు మేడం వచ్చి, "అన్నా, ఈసారి ఎవరికి వచ్చినా రాకపోయినా ఆ హొళగుంద పిల్లకు వస్తాది. రాత అట్ల రాసింది" అని సంబరపడింది. సీటు వస్తే కర్నూలు హాస్టల్. రాకపోతే చదువు ఆగిపోతుంది. వాళ్ల నాన్న తెగేసి చెప్పి పోయాడు. ఆయన మాటలో మొండితనం లేదు. "మేము సుగ్గికి పోతే వయసొచ్చిన పిల్లను ఒక్కదాన్నే ఇంట్లో పెట్టి పోతామా సార్? హాస్టల్ ఉంటేనే చదువు" అన్నాడు.

వినే పరీక్ష రోజు కర్నూలు నుంచి ఆ సంస్థ తరఫున ఒక పెద్దమనిషి వచ్చాడు. మా టీచర్లెవరూ గదిలో ఉండకూడదు. యంత్రాలు చూసుకోవడానికి నేనొక్కణ్నే ఉండాలి. ఆయన హెడ్‌ఫోన్ ఒకటి తీసి పెట్టుకుని, నమూనా విని, నా వైపు తిరిగి, "ఎవరు ఎంచారు ఇవి?" అని అడిగాడు.

"నేనే సార్."

"చాలా బాగున్నాయి. మా ఆఫీసులో కూడా ఇట్లాంటివి లేవు. ఈ ఎర్ర చుక్క ఏంటి?"

చెప్పాను. ఆయన నా భుజం తట్టాడు. అంత పెద్దమనిషి నా భుజం తట్టడం అదే మొదలు. తలుపు దగ్గర బండ మీద నిలబడ్డాను గానీ, కాళ్లు నేల మీద లేవు.

పరీక్ష మొదలైంది. మొదటి సంభాషణ ఒకసారి అయింది. చెవుల మీద ఎర్ర చుక్కలన్నీ ఒక వరసలో బుద్ధిగా ఉన్నాయి. రెండోసారి మొదలయ్యేసరికి మధ్య వరసలో ఆమె చేతులు పైకి లేచాయి. హెడ్‌ఫోన్స్ తీసింది, తిప్పింది, పెట్టుకుంది. ఒక్క చుక్క వరస తప్పింది. పెద్దమనిషి అప్పుడు కిటికీ దగ్గర ఏదో కాగితం చూసుకుంటున్నాడు. ఆయన తల ఎత్తకముందే సరిచేయాలని నాకు ఆత్రం.

వెళ్లి ఆమె వెనక నిలబడ్డాను. హెడ్‌ఫోన్స్ నా చేతులతో తీసి, సరిగ్గా తిప్పి, తలకు పెట్టాను. ఆమె తల తిప్పి నన్ను చూసింది. నోరు తెరిచింది. పరీక్షలో మాట్లాడకూడదని నేను వేలు పెదవుల మీద పెట్టుకున్నాను. తర్వాత ఆమె ముందుకొచ్చి, ఆమెకు మాత్రం వినబడేలా, "చేతులు బల్ల మీద పెట్టు. అయ్యేదాకా తీయొద్దు" అన్నాను.

పెట్టింది. ఒక చేతిలో పెన్ను, రెండో చెయ్యి బోర్లా. పరీక్ష అయ్యేదాకా ఆ చేతులు పైకి లేవలేదు. నేను తలుపు దగ్గరికి తిరిగి వచ్చి, ఎర్ర చుక్కల వరస సరిగ్గా ఉండటం చూసి తృప్తిపడ్డాను.

ఫలితాలు ఫోన్‌లో వచ్చాయి. మా బడి నుంచి ఇద్దరికి వచ్చింది. ఆమెకు రాలేదు. రాతలో అందరికన్నా పైన, వినడంలో అందరికన్నా కింద ఉందని ఇంగ్లీషు మేడం కనుక్కుని వచ్చి కుర్చీలో కూలబడింది.

మరుసటి వారం వాళ్లమ్మ పెట్టె, పరుపు తీసుకుపోవడానికి వచ్చింది. పిల్లను వెంటబెట్టుకుని, మేడంతో ఒక మాట చెప్పి పోదామని ల్యాబ్ దగ్గరికి వచ్చింది. ఆ తల్లి గుమ్మంలో పిల్లకు కుడివైపు నిలబడి ఉంది. ఏదో చెప్పాలనుకుంది. చెప్పకుండా, పిల్ల వెనక నుంచి చుట్టూ తిరిగి ఎడమవైపుకు వచ్చి, అప్పుడు కన్నడంలో రెండు మాటలు చెప్పింది. పిల్ల తల ఊపి, పెట్టె పక్కన పెట్టింది. నేనది చూశాను. చూసి కూడా ఏమీ తట్టలేదు. మేడమే అడిగింది.

"ఏమమ్మా, అట్ల చుట్టూ తిరిగొస్తివి?"

"ఆ సెవు దానికి యినపడదు మేడం. సిన్నప్పుడు సీము కారినాది. ఆదోనికి తీసకపోయినాం, ఆడ డాక్టరప్ప లోపల పొర సిరిగిందన్న్యాడు. ఎడం సెవు బాగా యినపడతాది." మా ఇద్దరి మొహాలూ చూసి ఆమె ఆగింది. "మీకు తెల్దా? దాని జతగాళ్లకంతా తెలుసునే. అందురూ ఎడం పక్కనే పండుకుంటారంట ఈడ."

మనిషి చెవి ఎంత సన్నని శబ్దం నుంచి ఎంత పెద్ద శబ్దం దాకా పట్టుకుంటుందో నేను అంకెలతో సహా చెప్పగలను. ఆ గదిలో నా ఎదుట రెండేళ్లు కూర్చున్న పిల్లకు ఏ చెవి వినబడుతుందో నాకు తెలియదు.

లెక్క అప్పుడు తెలిసింది. మగగొంతు ఎడమవైపు, ఆడగొంతు కుడివైపు. మొదటిసారి సరిగ్గా పెట్టుకుని ప్రశ్నలు వినేది. రెండోసారి తిరగేసి, అదే మంచి చెవితో జవాబులు వినేది. రెండూ కలుపుకుని రాసేది. ఎవరూ నేర్పలేదు, తనే కనిపెట్టుకుంది. పరీక్ష రోజు ఆమెకు అన్నిసార్లూ ప్రశ్నలే వినబడ్డాయి. రైలు ఎన్నింటికి అని ఎవరో అడుగుతున్నారు. ఎవరూ జవాబు చెప్పడం లేదు.

"మరి నాతో ఒక మాట చెప్పకూడదా అమ్మా?" అన్నాను. ఆ ప్రశ్న అడగడానికి నాకు నోరెలా వచ్చిందో.

ఆమె తల వంచుకుంది. "నాకు సిగ్గయితాది సార్, అందరిలో చెప్పల్లంటే. పరీక్షలో చెప్పబోతి. మీరు మాట్లాడొద్దంటిరి. చేతులు బల్ల మీద పెట్టమంటిరి."

అందులో నిష్ఠూరం లేదు. ఏం జరిగిందో అది చెప్పింది.

మేడం లేచి, "అన్నా, ఆ పెద్దాయనకు ఫోన్ చెయ్యండి. మీరంటే ఆయనకు గురి ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అంది. నేను ఫోన్ తీసుకుని వరండాలోకి పోయాను. లోపల సిగ్నల్ ఉంది. అయినా వరండాలోకి పోయాను.

ఆయన నన్ను గుర్తుపట్టాడు. "ఆఁ, ఎర్ర చుక్కల ఆయన కదా, చెప్పండి" అన్నాడు. అమ్మాయి చెవి గురించి చెప్పాను. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "ముందే చెప్పి ఉంటే వేరే ఏర్పాటు చేసేవాళ్లం. ఇప్పుడు చెవి కారణంగా మళ్లీ పెట్టడం కుదరదు" అన్నాడు. తర్వాత ఏదో ఆలోచించి, "ఒకటి మాత్రం ఉంది. పరీక్ష జరిగేటప్పుడు గదిలో ఎవరైనా ఆమెను ఆపారా? ఆటంకం కలిగించారా? అట్లా జరిగి ఉంటే ఒక ముక్క రాసి పంపండి. అది మా తప్పు కిందికి వస్తుంది. మళ్లీ పెట్టమని నేను గట్టిగా అడగగలను" అన్నాడు.

పిల్లలు కాక గదిలో ఉన్నది ఆయనా, నేనూ. ఆయన కాగితం చూసుకుంటున్నాడు.

దీని గురించి నాకు నేను చాలా కారణాలు చెప్పుకున్నాను. మెమో ఇస్తారని, పెన్షన్ కాగితాలు ఆగుతాయని, బడికి చెడ్డపేరు వస్తుందని. అవేవీ ఆ క్షణంలో నా తలలో లేవు. నా భుజం తట్టిన మనిషి అవతల ఉన్నాడు, నేను ఎర్ర చుక్కల ఆయనను. అంతే ఉంది.

"లేదు సార్. ఎవరూ ఆపలేదు" అన్నాను.

"సరే మరి. వచ్చే ఏడాది నుంచి ముందే కనుక్కోండి" అని ఆయన పెట్టేశాడు.

లోపలికి వచ్చి, "కుదరదంటున్నారు" అన్నాను. అందులో కూడా అబద్ధం లేదు, చూశారా. నేర్పుగా మాట్లాడటం కూడా పుస్తకాలే నేర్పాయేమో. మేడం నా మొహం చూసి, "మీరేం చేస్తారన్నా, తెలీక చేసింటిరి. మనసులో పెట్టుకోకండి" అని ఓదార్చింది. ఆ తల్లి కూడా చేతులు జోడించి, "మీరింత దూరం అడిగినారు, అదే చాలు సార్" అంది. పిల్ల పెట్టె ఎత్తుకుంది. ఎడమ చేత్తో ఎత్తుకుని, మళ్లీ మార్చుకుని, గేటు దాకా నడిచి పోయింది. నేను సాయం పోలేదు. ల్యాబ్‌లో హెడ్‌ఫోన్స్ తీగలు చుట్టుకుంటూ నిలబడ్డాను.

ఆ సాయంత్రం కంప్యూటర్‌లో వెతికితే ఒక చిన్న గుర్తు దొరికింది. దాన్ని నొక్కితే రెండు వైపుల శబ్దమూ ఒకటిగా కలిసి రెండు గిన్నెల్లోనూ వస్తుంది. ఎవరు ఎలా తిప్పి పెట్టుకున్నా అంతా వినబడుతుంది. ఆ గుర్తు మొదట్నుంచీ అక్కడే ఉంది. తర్వాతి ఏడాది పిల్లలకు దాన్నే పెట్టాను. ఎర్ర చుక్కలు స్పిరిట్‌తో తుడిచేశాను. కొన్నిటికి పూర్తిగా పోలేదు.

నేను రిటైరయ్యాను. సభ పెట్టి శాలువా కప్పారు. ల్యాబ్‌ను కన్నబిడ్డలా చూసుకున్నానని ఒకరు మాట్లాడారు. నేను శాలువా అంచు చూస్తూ కూర్చున్నాను.

ఈ మధ్య ఒకరోజు ఎమ్మిగనూరు బస్టాండులో ఆదోని బస్సు కోసం కూర్చుని ఉంటే, "నమస్తే సార్, బాగుండారా?" అని ఎవరో పలకరించారు. గుర్తుపట్టడానికి కొంచెం టైం పట్టింది. ఎండకు నల్లబడింది, మనిషి గట్టిపడింది. చేతిలో సంచి. ఎడమ చెవిలో ఫోన్ తీగ ఉంది. కుడివైపుది మెడ దగ్గర వేలాడుతోంది.

ఆమె నా పక్కన కూర్చోగానే నేను లేచి ఆమెకు ఎడమవైపుకు పోయి కూర్చున్నాను. ఆమె అది చూసి చిన్నగా నవ్వింది.

"యాడికమ్మా?"

"ఆదోనికి సార్. అక్క పత్తి మిల్లులో చేరింది, ఆడికి. మొన్నే సుగ్గి నుంచి వచ్చినాం." సంచి ఒళ్లో పెట్టుకుంది. "సార్, మీకు తెలిసింటాది. మిరప చేన్లో పని చేసుకుంటా పాటలు ఇంటాం గదా, ఈ రెండోది ఊరికే యాలాడి కొమ్మలకు తగులుకుంటాది. ఒక చెవుకే ఉండేది ఏమన్నా మంచిది దొరుకుతాదా?"

"ఫోన్‌లో రెండు వైపులదీ కలిపే గుర్తు ఒకటుందమ్మా..."

"అది పెట్టుకున్యా సార్ ఎప్పుడో. ఈ తీగదే బాధ."

అప్పుడు నేను చెప్పాను. ఒకవైపు స్పీకరు, రెండోవైపు తలకు ఆనుకునే చిన్న మెత్త ఉండే రకం ఉంటుందని, తీగ గట్టిదని, ఎలాగంటే అలా తిప్పి పెట్టుకోవచ్చని, ఆదోని బజారులో ఫలానా భాయ్ అంగట్లో అడగమని. ఎన్నేళ్ల కిందటో ఆ భాయ్ నా చేతిలో పెట్టిన దాన్నే ఆమెకు నా సొంత తెలివిలా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "మీకు అన్నీ తెలుస్తాయి సార్" అంది. ఎగతాళి కాదు.

బస్సు లోపలికి తిరుగుతుంటే జనం లేచారు. మేమూ లేచాం. తోపులాటలో నేను ఆమెకు కుడివైపు వచ్చాను. ఆమె బస్సు బోర్డు వైపు చూస్తోంది. నాకు అప్పుడు నోరు వచ్చింది.

"అమ్మా, ఆ పొద్దు ఫోన్‌లో ఆయన అడిగినాడు, నిన్ను ఎవరన్నా ఆపినారా అని. ఆపినారంటే మళ్లీ పరీక్ష పెట్టిస్తానన్నాడు. నేను లేదన్నాను."

గొంతు తగ్గించలేదు. ఆమె పక్కనే నిలబడి, మామూలుగా మాట్లాడే గొంతుతోనే చెప్పాను. అటువైపు నిలబడ్డానని నాకు తెలియదా? అప్పుడు తెలియదనే అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే అంత గట్టిగా అనలేకపోతున్నాను.

నా పెదవులు కదలడం కంటి కొసన చూసిందేమో, ఆమె చటుక్కున ఇటు తిరిగింది. తీగ తీసేసి, ఎడమ చెవి నా వైపు తెచ్చి, "ఏం సార్?" అంది.

బస్సు ఆగింది. ఆమె ఎక్కకుండా, నా మాట కోసం అలాగే తల వంచి నిలబడింది.

"ఏం లేదమ్మా. సీటు పట్టుకో పో" అన్నాను.